కిర్గిజ్‌స్తాన్ జెండాలో సూర్యుడి కిరణాలు ఎందుకు మార్చారు? పాతది, కొత్తది తేడా తెలిసినవాళ్లు చెప్పండి

బిష్కెక్_అమ్మాయి

అందరికీ నమస్తే. నేను బిష్కెక్‌లో ఎంబీబీఎస్ నాలుగో సంవత్సరం చదువుతున్నా. మాది ఖమ్మం దగ్గర ఒక పల్లె. ఇక్కడ జెండాలు, స్టాంపులు, నాణేల గురించి బాగా తెలిసినవాళ్లు ఉన్నారని మా సీనియర్ అక్క చెప్తే అడుగుతున్నా.

మేం ముగ్గురం అమ్మాయిలం ఒక పెద్దావిడ ఇంట్లో అద్దెకుంటున్నాం. అందరూ ఆమెను ఆపా అంటారు, మేమూ అలాగే పిలుస్తాం. వాళ్ల హాల్లో టీవీ పక్కన చిన్న కర్రకు కట్టిన జెండా ఉంటుంది. ఎర్ర గుడ్డ, మధ్యలో పసుప్పచ్చ సూర్యుడు, ఆ సూర్యుడి లోపల ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే గీతలు. మొన్న మార్చి 3న ఇక్కడ జెండా దినోత్సవం. ఆ రోజు కాలేజీలో ఎగరేసిన జెండా చూస్తే కిరణాలు సూదుల్లా తిన్నగా ఉన్నాయి. ఆపా ఇంట్లో ఉన్నదానికేమో మంట నాలుకల్లా మెలి తిరిగి ఉన్నాయి. ఇంటికొచ్చి అడిగాను. ఆమె ఏమీ చెప్పలేదు. జెండా తీసి, దుమ్ము దులిపి, మళ్లీ అక్కడే పెట్టింది.

రెండిట్లో ఏది అసలుది? ఎందుకు మార్చారు? ఆ లోపలి గీతలేంటి? వీడియో కాల్‌లో చూసి మా తమ్ముడు "క్రికెట్ బంతి ఎందుకు పెట్టుకున్నారక్కా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

జెండాల_లోకం

చెల్లీ, రెండూ అసలువే. నువ్వు ఇంట్లో చూసింది 1992 మార్చి 3న ఆమోదించిన జెండా. అందుకే జెండా దినోత్సవం కూడా ఆ తేదీనే. ఎదిల్ ఐదర్‌బెకోవ్, ఆయనతో పాటు మరికొందరు కళాకారులు కలిసి గీశారు. కాలేజీలో చూసింది 2023 డిసెంబరులో వచ్చిన మార్పు. స్పీకర్ నుర్లాన్‌బెక్ షకియెవ్, ఎంపీ ఉలాన్ ప్రిమోవ్ బిల్లు పెట్టారు, పార్లమెంటు ఆమోదించింది, అధ్యక్షుడు సదిర్ జపారోవ్ అదే నెలలో సంతకం పెట్టాడు. రంగు అదే. కిరణాల సంఖ్య అదే, 40. కిరణాల్ని సాపు చేశారు, లోపలి బొమ్మను కూడా కాస్త మార్చి గీశారు. అంతే తేడా.

ఇక ఆ గీతలు. అది బంతి కాదు, ఇంటి పైకప్పు. వీళ్ల పూర్వీకులు గొర్రెలు, గుర్రాలు తోలుకుంటూ కొండల్లో తిరిగినవాళ్లు. వాళ్ల ఇల్లు ఉన్నితో కప్పిన గుండ్రటి గుడారం, దాన్ని బోజ్ ఉయ్ అంటారు. ఆ గుడారం నడినెత్తిన గుండ్రటి చెక్క చట్రం ఉంటుంది. పొగ పోవడానికీ వెలుగు రావడానికీ అదే దారి. దాని పేరు తుందుక్. లోపల పడుకుని పైకి చూస్తే ఆకాశం మీద అడ్డంగా నిలువుగా వంపు కర్రలు కనిపిస్తాయి. జెండాలో ఉన్నది అదే, కింద నుంచి చూసిన చూపు.

జెండాల పుస్తకాలు ముప్పై ఏళ్లుగా తిరగేస్తున్నా. చాలా దేశాలు కోటనో నక్షత్రాన్నో గద్దనో పెట్టుకున్నాయి. ఇంట్లో వెల్లకిలా పడుకున్న మనిషికి కనిపించేదాన్ని జెండా మీదికి ఎక్కించింది వీళ్లే. నాకు ప్రపంచంలో అన్నిటికన్నా ఇష్టమైన జెండా ఇది.

గోదారిగట్టు

బాగా చెప్పారు. మరి కిరణాలు మెలి తిరిగి ఉంటే వచ్చిన నష్టమేంటి? ముప్పై ఏళ్లు ఉన్నదాన్ని ఇప్పుడు మార్చడం దేనికి?

జెండాల_లోకం

పొద్దుతిరుగుడు పువ్వులా ఉందని.

నిజంగా అదే కారణం చెప్పారు. పాత జెండాలో కిరణాలు రేకుల్లా మెత్తగా కనబడతాయి, దూరం నుంచి చూస్తే పువ్వే అనిపిస్తుంది. ఇక్కడ భాష సంగతి కూడా ఉంది. కిర్గిజ్‌లో ఆ పువ్వును కున్‌కరమా అంటారు. కున్ అంటే సూర్యుడు, కరమా అంటే చూసేది. మనం పొద్దుతిరుగుడు అన్నట్టే. కానీ వాళ్ల భాషలో ఆ మాటను మనుషులకు కూడా వాడతారు. ఎటు పొద్దుంటే అటు తల తిప్పేవాడు, ఇంకొకరి మీద ఆధారపడి బతికేవాడు అని అర్థం. అలాంటి గుర్తు నెత్తిన పెట్టుకుంటే దేశం సొంత కాళ్ల మీద నిలబడదని వాదించారు. తిన్నటి కిరణాలైతే సూర్యుడు సూర్యుడిలాగే ఉంటాడని వాళ్ల మాట.

నల్లగొండ_కుర్రోడు

నాదొక డౌట్ అన్నా. కిరణాలు 32 అని ఎక్కడో చదివిన. ఇంకోటి, ఎరుపు రంగు కమ్యూనిస్టు పార్టీ నుంచి వచ్చిందే కదా? సోవియట్ పోయినా రంగు అట్లనే ఉంచుకున్నరా?

జెండాల_లోకం

తమ్ముడూ, 32 కిరణాలు కజకిస్తాన్ జెండాకి. అది నీలం రంగు, సూర్యుడి కింద రెక్కలు విప్పిన గద్ద, కర్ర వైపు పొట్టేలు కొమ్ముల ముగ్గు. షాకెన్ నియాజ్‌బెకోవ్ గీశాడు, 1992 జూన్ 4న వచ్చింది. దాని కిరణాలు గింజల ఆకారంలో ఉంటాయి. పక్క పక్క దేశాలు, రెండింటికీ పసుపు సూర్యుడే, అందుకే చాలామంది కలిపేస్తారు.

40 అనేది మనాస్ కథ నుంచి వచ్చింది. మనాస్ వీళ్ల వీరగాథ నాయకుడు. చెల్లాచెదురుగా ఉన్న 40 తెగల్ని ఒక్కటి చేశాడని కథ. కిర్క్ అంటే వాళ్ల భాషలో నలభై, జాతి పేరు కూడా దాన్నుంచే వచ్చిందని జనం చెప్పుకుంటారు. ఆ గాథను నోటితో పాడేవాళ్లను మనాస్చీ అంటారు. సయక్‌బాయ్ కరలాయెవ్ అనే మనాస్చీ పాడగా రాసుకున్నది సుమారు 5 లక్షల పాదాలు. 2013లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది.

ఎరుపు కూడా మనాస్ ధ్వజం రంగనే చెబుతారు. ధైర్యానికి గుర్తు అంటారు. కానీ నీ అనుమానం ఆ దేశంలో కూడా చాలామందికి ఉంది. సోవియట్ ఎరుపు పోవాలని ఎన్నో ఏళ్లుగా అక్కడ మాట వినబడుతూనే ఉంది. 2023లో మార్చినప్పుడు రంగు జోలికి మాత్రం పోలేదు.

రిటైర్డ్_సోషల్_మాస్టారు

సోవియట్ కాలం సంగతి నేను చెబుతాను. హైస్కూల్లో సోషల్ చెప్పాను, ఇలాంటి ప్రశ్న వస్తే చేతులు ఊరుకోవు.

మొదట్లో ఆ రిపబ్లిక్కులన్నిటి జెండాలూ దాదాపు ఒకటే. ఎర్ర గుడ్డ, మూలన రిపబ్లిక్ పేరు. కిర్గిజియాది కూడా అంతే, పేరు కిర్గిజ్‌లోనూ రష్యన్‌లోనూ రాసేవారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఐక్యరాజ్యసమితి ఏర్పడితే అందులో సోవియట్ యూనియన్‌తో పాటు ఉక్రెయిన్, బెలారుస్‌లకు కూడా విడిగా సభ్యత్వం ఇప్పించారు. విడి సభ్యత్వం ఉన్నప్పుడు జెండాలన్నీ ఒకేలా ఉంటే ఎలా? అందుకని 1947లో మాస్కో నుంచి ఆదేశం వచ్చింది, ఒక్కో రిపబ్లిక్‌కూ తేడా తెలిసే జెండా ఉండాలని. ఆ తర్వాతి ఏళ్లలో వరసగా కొత్తవి వచ్చాయి. కిర్గిజియా వంతు 1952 డిసెంబరులో. ఎరుపు మీద రెండు నీలం పట్టీలు, వాటి మధ్య సన్నటి తెల్ల గీత, పై మూలన సుత్తి కొడవలి, నక్షత్రం.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ జెండా చూస్తే అక్కడ ఎవరు బతుకుతున్నారో తెలియదు. పట్టీలు మార్చి పక్క రిపబ్లిక్‌కు ఇచ్చినా చెల్లుతుంది. 1991 ఆగస్టు 31న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. అప్పటికి ఆరు నెలల ముందే రాజధాని పేరు ఫ్రుంజె తీసేసి బిష్కెక్ చేసుకున్నారు. ఫ్రుంజె అక్కడే పుట్టిన ఎర్రసైన్యం సేనాని, 1926 నుంచి ఊరికి ఆయన పేరు. ఊరి పేరు తర్వాత జెండా. అందుకే 1992లో గుడారం పైకప్పు, మనాస్ కిరణాలు వచ్చి కూర్చున్నాయి. పట్టీల జెండా నుంచి ఇంటి జెండాకు వచ్చారు. అది చిన్న విషయం కాదమ్మా.

వడ్రంగి_ఇంటి_పిల్లోడు

మా నాన్న వడ్రంగి, నేను ఫర్నిచర్ షాపు నడుపుతున్నా. నాకు జెండా కన్నా ఆ చెక్క చట్రం మీద మనసు పోయింది. అంత గుండ్రంగా ఎలా వంచుతారు? మేకులు కొడతారా? ఎవరైనా దగ్గర్నుంచి చూశారా?

పాత_బిష్కెక్_డాక్టర్

నేను చూశాను. 2005 నుంచి 2011 దాకా అక్కడే చదివాను, ఇప్పుడు రాజమండ్రిలో ప్రాక్టీస్. ఎండాకాలంలో ఫ్రెండు వాళ్ల ఊరి పైనున్న జైలూకి, అంటే కొండల మీది మేత భూములకి తీసుకెళ్లాడు. గుడారం వేస్తుంటే మేమూ చెయ్యి వేశాం.

ముందు జల్లెడలా అల్లిన చెక్క గోడ గుండ్రంగా నిలబెడతారు, దాన్ని కెరెగె అంటారు. తర్వాత పొడుగాటి చీలిక ఉన్న కర్రతో తుందుక్‌ను నడి మధ్యలో పైకి ఎత్తి పట్టుకుంటారు. ఎత్తి పట్టేది మగవాళ్లు, చేతులు వణికిపోతాయి. మిగతావాళ్లు చుట్టూ నిలబడి ఊక్ అనే వంపు కర్రల్ని ఒక చివర గోడకు కట్టి, రెండో చివర తుందుక్ అంచునున్న రంధ్రాల్లోకి దూరుస్తారు. బండి చక్రానికి ఆకులు దిగ్గొట్టినట్టే ఉంటుంది, కాకపోతే చక్రం నెత్తి మీద పడుకుని ఉంటుంది. నాలుగు పక్కలా నాలుగు దూర్చాక పట్టుకున్నవాడు మెల్లగా వదిలేస్తాడు. తుందుక్ తనంతట తను గాల్లో నిలబడుతుంది. ఒక్క మేకు లేదు. తోలు పట్టీలు, తాళ్లు అంతే.

ఫ్రెండు వాళ్ల నాన్న ఒక మాట చెప్పాడు. ఉన్ని చిరిగితే మార్చుకుంటాం, కర్ర విరిగితే ఇంకోటి చేసుకుంటాం, తుందుక్ మాత్రం తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది అని. వాళ్ల తుందుక్ పొగ పట్టి నల్లగా నిగనిగలాడుతోంది. కజక్‌లు దీన్నే షానిరాక్ అంటారు, కొత్తగా పెళ్లయినవాళ్లని "మీ షానిరాక్ ఎత్తుగా ఉండాలి" అని దీవిస్తారు. వాళ్ల రాజముద్ర మధ్యలో కూడా అదే ఉంది.

జెండా మార్పు గురించి నా మాట కూడా చెప్పాలి. నాకు నచ్చలేదు. 2010 ఏప్రిల్ 7న బిష్కెక్ నడిబొడ్డున ఉన్న అలా-తూ చౌక్‌లో, ప్రభుత్వానికి ఎదురు తిరిగిన జనం మీద కాల్పులు జరిగినప్పుడు మేం హాస్టల్లో లైట్లు ఆర్పేసి కూర్చున్నాం, చప్పుళ్లు వినబడుతూనే ఉన్నాయి. పదుల మంది చనిపోయారు. ఆ చౌక్‌లో జనం భుజాలకు చుట్టుకుని తిరిగింది ఆ మెలి కిరణాల జెండానే. చనిపోయినవాళ్లలో చాలామందిని ఊరి బయట అతా-బెయిత్‌లో పాతిపెట్టారు. 1938లో స్టాలిన్ మనుషులు కాల్చి పడేసిన 137 మంది ఉన్నదీ అక్కడే. పేరున్న కిర్గిజ్ రచయిత చింగిజ్ ఐత్‌మాతోవ్ తండ్రి వాళ్లలో ఒకడు. అలాంటి జెండాను పువ్వులా ఉందని మార్చొచ్చా? జనాన్ని అడగలేదు, రెఫరెండం లేదు. మార్చొద్దని పిలుపునిచ్చిన ఒకాయన్ని అరెస్టు కూడా చేశారు. నాకు కష్టమనిపించింది.

జెండాల_లోకం

డాక్టర్ గారూ, మీరు చెప్పింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. అడగకుండా మార్చడం తప్పే, అరెస్టు ఇంకా తప్పు. అందులో మీతోనే ఉన్నాను.

గీత విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. పాత జెండాలో అందం ఉంది కానీ గాలిలో ఎగిరేటప్పుడు, లేదా స్టాంపు మీద చిన్నగా వేసినప్పుడు, ఆ వంకర కిరణాలన్నీ కలిసిపోయి ఒక పసుపు మచ్చలా మిగిలేవి. తిన్నటి కిరణాలు చిన్న సైజులో కూడా విడివిడిగా కనబడతాయి. జెండా అనేది దూరం నుంచి గుర్తుపట్టడానికి పుట్టిన వస్తువు. ఆ లెక్కలో కొత్త గీత మెరుగే. మార్చిన పద్ధతి వేరే సంగతి.

పాత_బిష్కెక్_డాక్టర్

గుర్తుపట్టడం ఒక్కటే లెక్కయితే మీరన్నది సరే సార్. నేను ఆ కిరణాల్ని లెక్కపెట్టలేదు ఎప్పుడూ. చూడగానే ఆ జెండా అని తెలిసేది.

చేనేత_బిడ్డ

మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. మాది పోచంపల్లి, మగ్గం ఇల్లు. సోవియట్ నుంచి విడిపోయిన దేశాల జెండాల్లో నాకు బెలారుస్, తుర్క్‌మెనిస్తాన్ చాలా ఇష్టం, ఎందుకంటే రెండూ నేత పనే.

బెలారుస్ జెండాకి కర్ర వైపు నిలువుగా ఒక అల్లిక ఉంటుంది. మత్రోనా మర్కేవిచ్ అనే పల్లెటూరి ఆవిడ 1917లో నేసిన డిజైన్ అది, ఉదయించే సూర్యుడు దాని పేరు. 1951లో జెండాలో పెట్టారు. 1995లో రెఫరెండం తర్వాత సుత్తి కొడవలి తీసేసి ఆ అల్లికను ఉంచారు, కాకపోతే ఎరుపు మీద తెలుపు ఉన్నది తెలుపు మీద ఎరుపుగా తిప్పారు. తుర్క్‌మెనిస్తాన్ జెండాలో అయిదు తివాచీ నమూనాలు పైనుంచి కిందికి వరసగా ఉంటాయి. ఒక్కోటి ఒక్కో తెగ నేసే గుర్తు. వాటి కింద ఆలివ్ కొమ్మలు 1997లో చేర్చారు, ఐక్యరాజ్యసమితి వాళ్లను తటస్థ దేశంగా గుర్తించాక. జెండా కుట్టడానికి అంత కష్టమైన డిజైన్ ఇంకొకటి నాకు కనబడలేదు. ఎవరైనా చేత్తో కుడుతున్నారేమో తెలిస్తే చెప్పండి, నిజంగా అడుగుతున్నా.

గోదారిగట్టు

మన జెండా కూడా ఇలాగే మారింది కదండీ. పింగళి వెంకయ్య గారు 1921లో బెజవాడలో గాంధీగారికి చూపించిన జెండాకీ ఇప్పటిదానికీ చాలా తేడా.

రిటైర్డ్_సోషల్_మాస్టారు

మారింది. రాట్నం ఉన్నచోట 1947 జూలై 22న అశోక చక్రం వచ్చింది. కాకపోతే అది రాజ్యాంగ సభలో చర్చించి అందరి ముందు చేసిన పని. డాక్టర్ గారి బాధ ఆ తేడా గురించే అనుకుంటున్నాను. సరే, మళ్లీ కిర్గిజ్ సంగతికి వద్దాం, అమ్మాయి జవాబు కోసం చూస్తోంది.

వడ్రంగి_ఇంటి_పిల్లోడు

డాక్టర్ గారూ థాంక్స్. బండి చక్రం పోలికతో మొత్తం కళ్లకు కట్టింది. చట్రం వంచడం ఒక్కటి మాత్రం ఇంకా తెలియాలి. అక్కా, నువ్వు అక్కడే ఉన్నావుగా, వీలైతే చూసి చెప్పవా?

బిష్కెక్_అమ్మాయి

రెండు వారాలు పరీక్షలు, అందుకే లేటయింది. అందరికీ చాలా థాంక్స్. మీరు రాసిందంతా తెలుగులోనే చదివి, నాకొచ్చిన కొంచెం కిర్గిజ్, కొంచెం రష్యన్‌లో ఆపాకి చెప్పాను. తుందుక్ అనే మాట నాకు ముందే తెలుసు కానీ ఉత్తరం దిక్కు అని తెలుసు, భాష క్లాసులో అలాగే నేర్పారు. ఇక్కడ ప్రభుత్వం వాళ్ల ఫోన్ యాప్ పేరు కూడా తుందుకే. అదేదో దిక్కు పేరు పెట్టుకున్నారనుకున్నా ఇన్నాళ్లూ.

ఆ జెండా ఎక్కడిదో కూడా ఆపా చెప్పింది. వాళ్లాయన బస్సు డ్రైవరు. బస్సు అద్దం ముందు ఆ జెండా పదిహేనేళ్లు ఉంది. ఆయన పోయాక బస్సులోంచి తెచ్చి టీవీ పక్కన పెట్టుకుంది. కాబట్టి డాక్టర్ సార్, మీరన్నది ఆమెకి చెప్పాల్సిన పని లేకపోయింది. కొత్త జెండా మీద కోపం ఏమైనా ఉందా అని అడిగా. లేదంది. మనవడి స్కూల్లో కొత్తదే ఉంది, వాడు దాన్నే గీస్తాడు, బాగానే గీస్తాడు అంది.

చట్రం సంగతి అడిగారు కదా తమ్ముడూ. పోయిన ఆదివారం మేం నలుగురం మార్ష్రుత్కా (ఇక్కడి షేర్ వ్యాను) ఎక్కి ఇసిక్-కుల్ సరస్సు దక్షిణపు ఒడ్డుకి వెళ్లాం. అక్కడ గుడారాలు చేసే ఊరుంది. ఆ ఊరి పేరు కిజిల్-తూ. కిజిల్ అంటే ఎరుపు, తూ అంటే జెండా. ఎర్ర జెండా అనే ఊళ్లో తుందుక్‌లు చేస్తున్నారు! బోర్డు చూసి నాకు ఒళ్లు జలదరించింది, మీ అందరికీ చెప్పాలని అప్పుడే అనుకున్నా.

ఒక ఇంటి వెనక షెడ్డులో ముసలాయన, ఇద్దరు కొడుకులు పని చేస్తున్నారు. కర్రను ఆవిరి పట్టించి మెత్తబరుస్తారు. షెడ్డంతా తడి చెక్క వాసన. మెత్తబడిన కర్రను వేడి మీదుండగానే వంచి కట్టేసి రోజుల తరబడి ఆరనిస్తారు. ఆరాక తాడు విప్పినా వంపు పోదు. తర్వాత అంచు చుట్టూ ఏటవాలుగా రంధ్రాలు చేస్తారు. రంధ్రంలో వేలు పెట్టి చూశా, లోపల నున్నగా ఉంది, నలుచదరంగా ఉంది. కర్ర గుండ్రంగా ఉంటే తిరిగిపోతుందట, అందుకని చివర నలుచదరంగా చెక్కుతారు. మీ నాన్నగారికి చెప్పు.

40 ఉంటాయేమోనని రంధ్రాలు లెక్కపెట్టా. 65 ఉన్నాయి. ఇది చిన్న ఇల్లు, పెద్దదైతే ఇంకా ఎక్కువ ఉంటాయన్నాడాయన. నలభై మనాస్‌ది, ఇంటిది కాదు అన్నాడు. చెక్కంతా ఎర్ర రంగు వేస్తున్నారు. ఎరుపెందుకు అంటే, మా తాతలు ఎప్పుడూ ఎరుపే వేశారు అని చెప్పి కుంచె ముంచుకున్నాడు.

పెరట్లో ఒక గుడారం ఎముకల గూడులా నిలబెట్టి ఉంది, పైన ఉన్ని ఇంకా కప్పలేదు, గోడలకి మాత్రమే కప్పారు. లోపలికి రమ్మన్నాడు. మధ్యాహ్నం అయింది. నడినెత్తి నుంచి ఎండ దిగి నేల మీద గుండ్రంగా పడింది, అందులో ఆ గీతలన్నీ నీడలుగా ఉన్నాయి, జెండాలో ఉన్నట్టే. అక్కడే నిలబడి మా తమ్ముడికి వీడియో కాల్ చేసి ఫోన్ నేల వైపు తిప్పి చూపించా.